వేరే దేశంలో జనాన్ని చంపుతుంటే సైన్యం పంపడం న్యాయమేనా? జాఫ్నాలోనూ కాంగోలోనూ కాపలా కాసినవాడి జవాబు

బాబూ, టెక్కలి నుంచి నువ్వు అడిగిన ప్రశ్న రెండుసార్లు చదివాను. ఒక ప్రభుత్వం తన సొంత జనాన్నే చంపుతుంటే ఇంకో దేశం సైన్యంతో వెళ్లి ఆపడం న్యాయమా అని అడిగావు. ఎవరి దేశం వాళ్లది, బయటివాళ్లు వేలు పెట్టకూడదని మీ లెక్చరర్ అన్నారట. 1971లో మనం వెళ్లబట్టే బంగ్లాదేశ్ పుట్టిందని నీ స్నేహితుడు వాదించాడట. అగ్నివీర్‌కి పరుగు ప్రాక్టీసు చేస్తున్నానని, రేపు నన్నే అలాంటి చోటికి పంపిస్తే ఏమనుకోవాలని, మీరైతే మళ్లీ వెళ్తారా అని చివర్లో అడిగావు. ఆ చివరి మాట కోసమే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

మాది వజ్రపుకొత్తూరు వైపు. 1984లో సైన్యంలో చేరి, సుబేదారుగా పింఛను తీసుకుని ఇంటికొచ్చాను. మధ్యలో రెండుసార్లు వేరే దేశం జనాన్ని కాపాడమని పంపించారు. శ్రీలంకకి కుర్ర జవానుగా వెళ్లాను. కాంగోకి ఐక్యరాజ్యసమితి నీలం టోపీ పెట్టుకుని, నాయబ్ సుబేదారుగా వెళ్లాను. ఆ రెండు చోట్లా చూసినదాన్ని బట్టి చెప్తున్నాను. సైన్యం వెళ్లడం న్యాయమైన రోజులుంటాయి. టీవీల్లో చెప్పినంత తరచుగా మాత్రం రావు. వచ్చిన రోజున కూడా నేను ముందు చూసేది ఒక్కటే: ఆ పనిలో ప్రమాదం ఎవరి నెత్తిన పడుతోంది? వెళ్లినవాళ్ల మీదా, కాపాడతామన్న జనం మీదా?

1987 జులై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే, అక్కడి తమిళుల గొడవ తీర్చడానికి ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. మర్నాటి నుంచే మన సైన్యం పలాలి విమానాశ్రయంలో దిగడం మొదలైంది. మా వంతు ఆగస్టులో వచ్చింది. జాఫ్నా చూడగానే మా ఊరు వచ్చేశాననిపించింది. ఎటు చూసినా తాటిచెట్లు, ఇసుక నేల, తాటాకు దడులు, ఏతాంతో నీళ్లు తోడే బావులు. ఆడవాళ్లు ఎదురొచ్చి బొట్టు పెట్టారు, మెళ్లో దండలు వేశారు. మా పికెట్ పక్కింట్లో ఒక ముసలమ్మ ఉండేది. చాప మీద ఎండబెట్టిన తాటి తాండ్ర కోసి నా చేతిలో పెట్టింది. మా అమ్మ చేసే తాండ్రే, అదే తీపి, అదే పీచు. సింహళ సైన్యం బాధ తప్పించడానికి వచ్చామని ఆవిడ అనుకుంది. మేమూ అలాగే అనుకున్నాం.

సెప్టెంబరులో నల్లూరు కందస్వామి గుడి దగ్గర తిలీపన్ అనే పులుల (తమిళుల కోసం సాయుధంగా పోరాడే ఎల్టీటీఈ) కుర్రాడు నీళ్లు కూడా ముట్టకుండా నిరాహారదీక్షకి కూర్చున్నాడు. డిమాండ్లు మన ప్రభుత్వం ముందే పెట్టాడు. 26న చనిపోయాడు. ఆ పన్నెండు రోజుల్లో వీధుల్లో జనం మమ్మల్ని చూసే చూపు మారిపోయింది. అక్టోబరు రెండో వారానికల్లా మేము పులులతో యుద్ధంలో ఉన్నాం. రెండు పక్షాల మధ్య నిలబడటానికి వెళ్లినవాళ్లం మూడో పక్షం అయిపోయాం. అక్టోబరు 21న జాఫ్నా ఆసుపత్రిలో రోగులు, డాక్టర్లు, నర్సులు కాల్పుల్లో చనిపోయారు. నేను అక్కడ లేను. అది ఎలా జరిగిందన్న దాని మీద ఇప్పటికీ వాదన తెగలేదు. చనిపోయింది మాత్రం మేము కాపాడతామని వెళ్లిన జనమే.

నవంబరులో నాకు మళ్లీ ఆ వీధిలోనే డ్యూటీ పడింది. ముసలమ్మ ఇంటి మీద సగం పెంకులు లేవు. వెనక గోడకి మోర్టారు గుండు తగిలి పెద్ద బొక్క పడి ఉంది. ఆ గుండు మాదో, పులులదో నాకు తెలీదు. ఆవిడకీ తెలీదు. దాహంగా ఉండి బావి దగ్గర నీళ్లడిగాను. ఆవిడ ఏమీ అనలేదు. చేద దించి, తోడి, నా దోసిట్లో పోసింది. నేను తాగినంతసేపూ మొహం పక్కకి తిప్పుకునే నిలబడింది. తిట్టినా, నీళ్లు లేవన్నా నాకు ఇంత గుర్తుండేది కాదేమో. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు మా అమ్మ తాండ్ర పెడితే తినలేకపోయాను. "ఏటిరా, ఒంట్లో బాగులేదేటి?" అని అడిగింది. ఏం చెప్పను?

ఎందుకలా అయిందని చాలా ఏళ్లు ఆలోచించాను. మమ్మల్ని పిలిచింది రెండు ప్రభుత్వాలు. ఎవరి పేరు చెప్పి వెళ్లామో ఆ జనం తరఫున ఆ కాగితం మీద ఒక్క సంతకం లేదు. ఆయుధాలు పట్టుకున్న పులులదీ లేదు. ఆయుధాలు అప్పగిస్తుంటే చూసుకోవడం మొదట మా పని. తర్వాత ఆయుధాలు లాక్కోవడం మా పనైంది. ఎప్పుడు తిరిగొస్తామో ఎవరూ చెప్పలేదు. చివరికి శ్రీలంక కొత్త అధ్యక్షుడు ప్రేమదాస వెళ్లిపొమ్మన్నాక, 1990 మార్చి 24న ఆఖరి దళం ఓడ ఎక్కింది. వెయ్యిమందికి పైగా మనవాళ్లు తిరిగి రాలేదు. మద్రాసు రేవులో స్వాగతానికి తమిళనాడు ముఖ్యమంత్రి రాలేదు. చాలాకాలం నాకది అవమానంగానే ఉండేది. ఆ ముసలమ్మ మొహం గుర్తొచ్చిన రోజున మాత్రం ఆ కోపం నిలబడదు.

ఇక నీ స్నేహితుడి మాట. 1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో (అప్పుడది తూర్పు పాకిస్తాన్) మొదలుపెట్టిన చంపుడు నెలల తరబడి సాగింది. కోటి మంది దాకా సరిహద్దు దాటి మన దేశానికి వచ్చేశారు. ఇందిరా గాంధీ ఆ అక్టోబరు, నవంబరుల్లో యూరప్, అమెరికా తిరిగి, మీరైనా వాళ్లని ఆపండి అని అడిగారు. కౌరవుల దగ్గర కృష్ణుడు అయిదూళ్లు అడిగినట్టే అయింది, ఎవరూ కదల్లేదు. ఈలోగా మనం ఊరికే కూర్చోలేదు, అక్కడి జనం పోరాట దళమైన ముక్తివాహినికి శిక్షణ ఇచ్చాం, ఆయుధాలిచ్చాం. అది దాచకూడదు. డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన పడమటి స్థావరాల మీద బాంబులు వేశాయి. ఆ రాత్రే మన విశాఖ ముందు సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. డిసెంబరు 16కల్లా ఢాకాలో లొంగుబాటు అయిపోయింది. 93,000 మంది యుద్ధఖైదీలు.

ఇంత జరిగినా ప్రపంచం మనల్ని మెచ్చుకోలేదు. డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో యుద్ధం ఆపి సైన్యాల్ని వెనక్కి పిలవాలన్న తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి. వ్యతిరేకించింది 11. మీ లెక్చరర్ చెప్పిన మాటే ఆ రోజు ప్రపంచం చెప్పింది.

అందులో మన స్వార్థం లేదా అంటే, ఉంది. పాకిస్తాన్ రెండు ముక్కలైతే మనకి మేలే. వంశధార వరదలో కొట్టుకుపోతున్నవాణ్ణి లాగినవాడికి, పక్క ఊళ్లో పేరొస్తుందన్న ఆశ కూడా ఉండొచ్చు. ఆశ ఉందని లాగడం తప్పైపోదు. లాగాక ఏం చేశాడన్నదే చూడాలి. 1972 మార్చికల్లా మన సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. జాఫ్నాకీ ఢాకాకీ నాకు కనిపించే తేడా అక్కడే ఉంది. ఢాకాలో జనం అప్పటికే తమ పోరాటం తాము చేస్తున్నారు, వాళ్ల నాయకత్వం వాళ్లకుంది. మనం వెళ్లాం, పని అయింది, తాళాలు వాళ్ల చేతిలో పెట్టి వచ్చేశాం. వియత్నాం సంగతి చూడు. 1979 జనవరి 7న కంబోడియా రాజధాని నాంఫెన్‌లోకి వెళ్లి, సొంత జనాన్ని లక్షల్లో చంపిన అక్కడి ఖ్మేర్ రూజ్ ప్రభుత్వాన్ని తరిమేసింది. చంపుడు ఆగింది, అది గొప్ప పనే. తర్వాత పదేళ్లు అక్కడే ఉండిపోయేసరికి కాపాడినవాడు కాస్తా ఆక్రమించినవాడయ్యాడు. ఖ్మేర్ రూజ్ మనుషులే ఆ తర్వాత కూడా ఐక్యరాజ్యసమితిలో కంబోడియా కుర్చీలో కూర్చున్నారంటే నాకిప్పటికీ మింగుడుపడదు.

బొబ్బిలి యుద్ధ స్తంభం చూశావా? 1757 జనవరి 24న ఆ కోట మీద ఫ్రెంచి ఫిరంగులు పేలాయి. ఫ్రెంచి సేనాని బుస్సీకి బొబ్బిలివాళ్లతో సొంత పగ లేదు. కప్పం వసూలుకి వచ్చినవాడికి బొబ్బిలి మీద చెప్పాల్సినదంతా చెప్పింది విజయనగరం విజయరామరాజు. కోట పడిపోతుందని తేలాక లోపలి ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకుండా తమవాళ్ల కత్తులకే బలయ్యారు. కొద్ది రోజుల్లోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజుని గుడారంలో పొడిచి చంపాడు. అది ఎవర్నీ కాపాడే యుద్ధం కాదు, నాకు తెలుసు. నేను చెప్పేది ఒక్క సంగతి. బయటి నుంచి వచ్చిన సైన్యానికి ఊరు తెలీదు. పిలిచినవాడు ఎవరిని చూపిస్తే వాడే శత్రువు. మన జిల్లాల్లో పుట్టినవాళ్లకి ఇది పుస్తకం చదివి నేర్చుకోవాల్సిన సంగతి కాదు.

2011లో లిబియాలో ఇదే జరిగింది. ఆ దేశాన్ని ఏలుతున్న గడాఫీ, తిరగబడ్డ బెంఘాజీ నగరం మీద పడితే వేలమంది చనిపోతారన్నారు. మార్చి 17న భద్రతామండలి 1973వ తీర్మానంతో, జనాన్ని కాపాడటానికి అవసరమైన చర్యలన్నిటికీ అనుమతిచ్చింది. మన దేశం, బ్రెజిల్, జర్మనీ, చైనా, రష్యా ఓటెయ్యకుండా ఉండిపోయాయి. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో విమానాలు నెలల తరబడి బాంబులు వేశాయి. అక్టోబరు 20న గడాఫీ చనిపోయాడు. ఆ తర్వాత ఆ దేశాన్ని నిలబెట్టడానికి నేల మీద ఎవరూ లేరు. ముఠాలు పంచుకున్నాయి. 2016లో బ్రిటన్ పార్లమెంటు విదేశాంగ కమిటీయే, జనానికున్న ముప్పుని ఎక్కువ చేసి చూపారని, కాపాడటం కాస్తా ప్రభుత్వాన్ని మార్చడంగా తయారైందని తప్పుపట్టింది.

1999లో కొసావోలో సెర్బియా బలగాలు అల్బేనియన్లని తరుముతున్నాయని 78 రోజులు నాటో బాంబులు వేసినప్పుడు, భద్రతామండలి అనుమతి కూడా లేదు. పారిపోయిన అల్బేనియన్లు లక్షల్లో తిరిగి ఇళ్లకి చేరారు, కాబట్టి ఫలితం లేదనను. కానీ పైలట్ల ప్రాణానికి ముప్పు రాకూడదని 15,000 అడుగుల పైనే ఎగరమన్నారు. ఏప్రిల్ 14న గ్యాకోవా దగ్గర ట్రాక్టర్ల మీద పోతున్న శరణార్థుల వరసని సైనిక వాహనాలనుకుని కొట్టారు. డెబ్బై మంది దాకా పోయారు. శత్రువు కాల్పుల్లో నాటో సైనికుడు ఒక్కడూ చనిపోలేదు. సైనికుణ్ణి కాబట్టి సైనికుడి ప్రాణం విలువ నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, మన ప్రాణానికి ఇసుమంత కూడా ముప్పు ఉండకూడదని ఆ ముప్పుని కింద ట్రాక్టరు మీదున్న పిల్లలకి బదిలీ చేస్తే, దాన్ని రక్షణ అనడానికి నాకు నోరు రాదు.

ఇదంతా చదివి, అయితే లెక్చరర్‌గారే కరెక్టు, ఎక్కడికీ వెళ్లకూడదు అనుకుంటావేమో. 1994 రువాండా సంగతి చెప్తాను. ఏప్రిల్ 7న టుట్సీ తెగవాళ్లని హుటూ తీవ్రవాదులు చంపడం మొదలుపెట్టినప్పుడు ఐక్యరాజ్యసమితి సైనికులు 2,500 మంది ఆ దేశంలోనే ఉన్నారు. అదే రోజు పదిమంది బెల్జియం సైనికుల్ని చంపేశారు. కిగాలీలో ఒక టెక్నికల్ స్కూల్లో బెల్జియం దళం క్యాంపు ఉండేది. ఆ గేటు లోపల ఉంటే బతుకుతామని రెండువేల మంది దాకా జనం చేరారు. గేటు బయట కత్తులు పట్టుకున్న గుంపులు కాచుకుని ఉన్నాయి. ఏప్రిల్ 11న దళానికి వెళ్లిపొమ్మని ఆర్డరొచ్చింది. తెల్లవాళ్లని అప్పటికే తరలించేశారు. బళ్లకి అడ్డంపడి బతిమాలినవాళ్లని తప్పించుకుని దళం వెళ్లిపోయింది. ఆ సాయంత్రానికే ఎక్కువమందిని చంపేశారు. సరిగ్గా పదిరోజులకి, ఏప్రిల్ 21న, ఉన్న దళాన్ని 270 మందికి తగ్గించమని భద్రతామండలి తీర్మానించింది. ఆ దళం అధిపతి జనరల్ డలైర్ అంతకంటే ఎక్కువమందినే ఉంచుకున్నాడు. ఘనా, ట్యునీషియా సైనికులు ఆయనతో ఉండిపోయి వేలమందిని కాపాడారు. వందరోజుల్లో పోయినవాళ్లు దాదాపు 8 లక్షలు.

ఆ రోజు ఎవరి సార్వభౌమత్వాన్ని గౌరవించినట్టు? సైన్యాలు రాలేదా అంటే, వచ్చాయి. తమ దేశస్తుల్ని విమానాలెక్కించుకుని పోయాయి. స్కూలు గేటు దగ్గర నిలబడ్డానికి వాళ్లకి కావాల్సింది కొత్త యుద్ధం కాదు, ఉన్నచోట ఉండమనే ఆర్డరు.

రువాండా, బోస్నియాలో స్రెబ్రెనిత్సా ఊచకోతల తర్వాతే, తన జనాన్ని కాపాడే బాధ్యత ముందు ఆ ప్రభుత్వానిదే, అది చేతులెత్తేస్తే ప్రపంచానిది అని 2005లో దేశాలన్నీ ఒప్పుకున్నాయి. జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, ఒక తెగని తుడిచిపెట్టి తరమడం, మానవత్వం మీద నేరాలు, ఈ నాలుగిటికే అది వర్తిస్తుంది. బలప్రయోగం భద్రతామండలి ద్వారానే జరగాలి. అక్కడ అయిదు దేశాలకి వీటో ఉంది. కాబట్టి ఆ అయిదుగురు, వాళ్ల స్నేహితులు ఏం చేసినా ఎవరూ కాపాడటానికి రారు, చిన్న దేశాల్లోకే వస్తారు. మీ లెక్చరర్ భయం ఉత్తిది కాదు, ఈ రూలు బలవంతుడి చేతి కర్ర కావచ్చు. నా మాటేంటంటే, కర్ర దుర్వినియోగమవుతుందని స్కూలు గేటు వదిలేసి పోకూడదు.

కాంగోలో మా పోస్టు ఉత్తర కివు కొండల్లో ఉండేది. సీతంపేట కొండల్లాగే పచ్చగా ఉంటాయి. చుట్టూ ముళ్లకంచె, ఇసుక బస్తాలు, రెండు బీఎంపీ బళ్లు (ఫిరంగి ఉన్న సాయుధ సైనిక బళ్లు). మాకిచ్చిన కాగితం మీద, కళ్లముందు ముప్పులో ఉన్న జనాన్ని, మన శక్తి మేరకు, మన దళాలున్నంత మేర, బలం వాడి అయినా కాపాడాలని ఉంది. ఒక రాత్రి కింద ఊళ్లో కాల్పులు వినిపించాయి. గంటలో మూడొందల మంది కంచె దగ్గరికొచ్చేశారు. నెత్తిమీద పరుపులు, చేతుల్లో వంటగిన్నెలు. ఒకామె మేకని తెచ్చి మా కంచె గుంజకి కట్టేసింది. గుంపులో ఆయుధాలతో ఎవడైనా కలిసిపోతే మా పనీ అయిపోతుంది, అదీ భయం. మా కంపెనీ కమాండరు మేజరు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు. ఒక్క నిమిషం ఆలోచించి, జనాన్ని లోపలి కంచెకీ బయటి కంచెకీ మధ్యలోకి రానిమ్మన్నాడు. ఒక బీఎంపీని గేటు బయట, రోడ్డుకి అడ్డంగా పెట్టించాడు. దానిలో నన్నూ, ఇంకో ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు.

అర్ధరాత్రి దాటాక రోడ్డు మలుపులో మనుషులు కనిపించారు. ఇరవై మందో, ముప్ఫై మందో. లైటు వేశాం. వాళ్లు ఆగారు. మేమూ కాల్చలేదు, వాళ్లూ కాల్చలేదు. ఎంతసేపో చెప్పలేను. తర్వాత వెనక్కి తిరిగిపోయారు. ఆ మేక రాత్రంతా అరుస్తూనే ఉంది. తెల్లారాక ఆమె దాన్ని విప్పుకుని, మావైపు ఒకసారి చూసి దిగిపోయింది. రెండురోజుల తర్వాత, ఆ మనుషులే ఎనిమిది కిలోమీటర్ల అవతల, మా పోస్టు లేని ఊళ్లో ఇళ్లు తగలబెట్టారని తెలిసింది. అందరం ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. మేము కాపాడింది మా లైటు పడినంత మేరే.

2013 డిసెంబరు 19న దక్షిణ సూడాన్‌లో అకోబో అనే చోట, ప్రాణభయంతో తమ స్థావరంలో తలదాచుకున్న జనం కోసం నిలబడి మనవాళ్లు ఇద్దరు చనిపోయారు. అప్పటికి నేను రిటైరయ్యాను. ఆ వార్త చదివినప్పుడు, ఆ గేటు బయట బీఎంపీలో కూర్చున్న రాత్రి మళ్లీ కళ్లముందుకొచ్చింది.

ఇంకో సంగతి మర్చిపోకు. కాపాడటమంటే ప్రతిసారీ తుపాకీ కాదు. 2018 చివర్లో గుజరాత్ వైపు వేటకెళ్లిన మన జిల్లా మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోయింది. డి.మత్స్యలేశంలో ఇంటింటా ఏడుపే. ఓడ పంపి తీసుకురమ్మని అప్పుడు నాతో కోపంగా అన్నవాళ్లున్నారు. ఓడ పంపితే వాళ్లు జైల్లో ఉండగానే యుద్ధమయ్యేది. చర్చలతో, కాగితాలతో పదమూడు నెలలు పట్టింది, 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి వచ్చారు. పిల్లలు తండ్రుల్ని చూసుకున్నారు. దేశం తన మనుషుల్ని కాపాడుకుంది, ఎవరి ఇంటి మీదా గుండు పడకుండా.

కాబట్టి రేపు ఎక్కడికైనా సైన్యం పంపాలని టీవీలో అరుస్తున్నప్పుడు నేను అడిగేవి ఇవి. అక్కడి జనంలో ఎవరు పిలుస్తున్నారు, సరిహద్దు దాటి పారిపోయి వచ్చినవాళ్లా, పదవి కోసం కాచుకున్నవాళ్లా? మాటలతో అయ్యేదంతా అయిందా? మనవాళ్లు నేల మీద నిలబడతారా, పైనుంచి వేసి వచ్చేస్తారా? ఏ రోజున తిరిగొస్తారు, తాళాలు ఎవరి చేతిలో పెట్టి వస్తారు? జవాను ఈ ప్రశ్నలు అడగలేడు, ఆర్డరొస్తే వెళ్లాలి. అందుకే నువ్వు యూనిఫాం వేసుకునే ముందే, ఓటేసే పౌరుడిగా ఉన్నప్పుడే అడుగు. మీ అమ్మానాన్నల్ని కూడా అడగమను.

మీరైతే మళ్లీ వెళ్తారా అన్నావు. జాఫ్నాకి అంటే, ముందు ఆ ముసలమ్మని ఎవరైనా అడిగారా అని కనుక్కుంటాను. ఆ కొండ మీద గేటు బయటికి అంటే, నాకు అరవై దాటాయి, మోకాలు సహకరించదు, కానీ ఈ రాత్రి పిలిచినా బండెక్కుతాను.